ఫ్యాను ఆగితే మెలకువ ఎందుకొస్తుంది: ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 21, ఆదివారం

రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ చచ్చిపోయి నెల కావస్తోంది కాబట్టి ఫ్యానూ ఆగింది. ఆగిన క్షణానే కళ్లు తెరిచాను. ఎండాకాలమైతే ఉక్కకు లేచానని సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు చలి. దోమల కోసం ఒకటో నంబరు మీద తిరుగుతున్న ఫ్యాను అది. దోమ కుట్టడానికి కూడా వ్యవధి లేదు.

శబ్దం వినబడి నిద్ర లేవడంలో వింత లేదు. వినబడటం మానేసిన శబ్దానికి ఎలా లేచాను? గాలి కదలిక మారడం కూడా కొంత కారణం కావచ్చు. అయినా నిద్రలో సైతం లోపల ఏదో ఆ గరగరను గుర్తుపెట్టుకుని, "ఇప్పుడు కూడా ఉండాలి" అని ఎదురుచూస్తూ ఉంటే తప్ప ఇది కుదరదు.

1960ల నాటికే మాస్కోలో యెవ్‌గేనీ సోకొలోవ్ దీని వెంట పడ్డాడు. ఒకే శబ్దాన్ని పదేపదే వినిపిస్తే మనిషి ఉలికిపాటు క్రమంగా తగ్గిపోతుంది. చర్మం విద్యుత్తును మోసే తీరులో, రక్తనాళాల్లో ఆ తగ్గుదల కొలవొచ్చు. తర్వాత శబ్దాన్ని మార్చితే ఉలికిపాటు తిరిగొస్తుంది. పెంచనక్కర్లేదు, తగ్గించినా వస్తుంది. శబ్దాన్ని మామూలు కంటే ముందే ఆపేస్తే, అది ఆగిన చోట, నిశ్శబ్దంలో వస్తుంది. మెదడు విన్నదానికి లోపలొక నమూనా కట్టుకుంటుందని, వచ్చిన ప్రతిదాన్నీ దానితో పోల్చి చూస్తుందని ఆయన అన్నాడు.

నేను పాఠం చెప్పేది ఫిజిక్సు, అదీ ఇంటర్ పిల్లలకు. మెదడు నా సబ్జెక్టు కాదు. కానీ మైక్రోవోల్టులు కొలవడం నా సబ్జెక్టే. ఆ పోలిక జరిగే క్షణాన్ని నా తల మీదే పట్టుకోవాలని ఇవాళ నిర్ణయించుకున్నాను.

డిసెంబరు 28, ఆదివారం

సామాను వచ్చింది: తల మీద అందే మెదడు విద్యుత్ సంకేతాన్ని పెంచే చిన్న బయో ఆంప్లిఫయర్ బోర్డు, ఆ సంకేతాన్ని అంకెలుగా చదివే ఆర్డుయినో ఊనో అనే చిప్పు బోర్డు, కప్పు ఎలక్ట్రోడ్లు మూడు, జెల్ ట్యూబు. అన్నీ కలిపి ఐదు వేల లోపే.

ముందు లెక్క చూసుకున్నాను. ఊనో 5 వోల్టులను 1,024 మెట్లుగా విడగొడుతుంది. అంటే మెట్టుకు 4.9 మిల్లీవోల్టులు. బోర్డు సంకేతాన్ని సుమారు 2,400 రెట్లు పెంచుతుంది కాబట్టి తల మీద లెక్కేస్తే మెట్టు 2 మైక్రోవోల్టులు. నేను వెతికే తరంగం 5 నుంచి 20 మైక్రోవోల్టుల మధ్య ఉంటుంది. మెట్లు ముతకే. అయితే వందలసార్లు కొలిచి సగటు తీసేటప్పుడు, సంకేతం మీద ఉండే సహజమైన రొదే మెట్ల మధ్య ఖాళీని పూడుస్తుంది. ఇది నేను ఇష్టంగా చెప్పే పాఠం. రొద మేలు చేసే చోట్లు చాలా తక్కువ.

ఎలక్ట్రోడు పెట్టే చోటు కోసం అమ్మ కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసుకున్నాను. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా నాకు 36 సెంటీమీటర్లు. సగం దగ్గర నడినెత్తి. అక్కణ్ణుంచి మరో 20 శాతం, అంటే 7 సెంటీమీటర్ల పైచిలుకు వెనక్కి వెళ్తే ప్యారైటల్ మధ్యబిందువు, అంటే నడినెత్తికి వెనక భాగపు మధ్య చోటు. అక్కడొకటి, చెవి వెనక ఎముక మీద ఒకటి, నుదుటి మీద ఒకటి.

తెర మీద అంతా గీతల గోల. గంటన్నర తీగలన్నీ పీకి పెట్టాను. చివరికి కారణం అమ్మ చెప్పింది: "తల నిండా కొబ్బరినూనె పెట్టుకుని కూచున్నావు కదరా." నూనె కరెంటును పోనివ్వదు. కుంకుడుకాయ రసంతో తలంటుకుని, ఆరాక మళ్లీ కూర్చున్నాను. కళ్లు మూసుకోగానే సెకనుకు పది చొప్పున మెత్తటి అలలు లేచాయి, తెరవగానే పడుకున్నాయి. ఆల్ఫా తరంగాలు. హాన్స్ బెర్గర్ 1929లో ప్రపంచానికి చూపించినవి. నా తలలోవి నేను చూడటం ఇదే మొదలు. అమ్మను పిలిచి మూడుసార్లు చూపించాను.

ఇలాంటిది చేసేవాళ్లకు ఒక్క మాట. తలకు ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి. ఛార్జరు గోడకు పెట్టి ఉండకూడదు. ఈ నియమం నేను ఒక్కసారి కూడా తప్పను, ఇంట్లో ఇంకెవరినీ తప్పనివ్వను.

జనవరి 4, ఆదివారం

మొదటి అసలు ప్రయోగం. 1,000 హెర్ట్‌జ్ 'బీప్' పదేపదే వస్తుంటుంది. మధ్యలో ఎప్పుడైనా 1,500 హెర్ట్‌జ్‌ది వస్తుంది. వందలో ఎనభై మామూలు, ఇరవై అరుదు, ఏది ఎప్పుడన్నది ముందు తెలియదు. బీప్‌కూ బీప్‌కూ మధ్య 1.2 సెకన్లు, మొత్తం 300, అంటే ఆరు నిమిషాలు. అరుదువి మనసులో లెక్కపెట్టాలి. తర్వాత ప్రతి బీప్ చుట్టూ ఒక సెకను ముక్క కత్తిరించి, మామూలువి వేరుగా, అరుదువి వేరుగా సగటు తీయాలి.

వెతికేది పీ300ని. 1965లో అమెరికాలో శామ్యూల్ సటన్ బృందం బయటపెట్టిన తరంగం. ఏ సంకేతం వస్తుందో తెలియని స్థితిలో వచ్చినదానికి, దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత తల మీద ధన దిశలో లేచే అల.

నాకు లేవలేదు. రెండు సగటులూ మట్టిదిబ్బల్లా ఉన్నాయి.

రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది. బీప్ ల్యాప్‌టాప్ స్పీకరు నుంచి వస్తోంది. "ఇప్పుడు మోగు" అని పైథాన్‌లో నేను రాసిన ప్రోగ్రాం చెప్పిన క్షణానికీ నిజంగా మోగిన క్షణానికీ మధ్య ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంది. ఒకే అలను వంద రకాలుగా జరిపి సగటు తీస్తే మిగిలేది దిబ్బే.

జనవరి 11, ఆదివారం

స్పీకరు పని ఆర్డుయినోకే అప్పగించాను. మెదడు సంకేతాన్ని చదివేదీ, బీప్ మోగించేదీ ఒకే చిప్పు కావడంతో ఇద్దరికీ ఒకటే గడియారం. సెకనుకు 250 సార్లు చదువుతోంది, కనుక కాలంలో పొరపాటు 4 మిల్లీసెకన్లకు మించదు. బీప్ మోగించే టోన్ ఫంక్షను చిప్పులోని రెండో టైమరును వాడుకుంటుంది, చదివే పని ఒకటో టైమరుకు పెట్టాలి. ఇది తెలుసుకోవడానికి శుక్రవారం రాత్రంతా పట్టింది. కొత్త ఇబ్బంది కూడా ఒకటి: స్పీకరు తీగ ఎలక్ట్రోడు తీగకు దగ్గరగా ఉంటే బీప్ మొదలైన క్షణాన ఒక సూది గీత పడుతోంది. మీటరు దూరం జరిపితే పోయింది.

ఇంకో తప్పు నా వడపోతలో ఉంది. చెమట వల్ల గీత పైకీ కిందకీ ఊగుతోందని 2 హెర్ట్‌జ్ కంటే నెమ్మదైనవన్నీ తీసేశాను. పీ300 నెమ్మదైన అల. దాన్నే తీసేశానన్న మాట. హద్దు 0.3కి దించాను. రెప్పపాటు పడ్డ ముక్కలు, అంటే 75 మైక్రోవోల్టులు దాటినవి, పారేశాను.

అరవై అరుదు బీప్‌లలో 47 మిగిలాయి. సగటు గీశాను.

330 మిల్లీసెకన్ల దగ్గర కొండ! మామూలు బీప్‌ల గీత అదే చోట నేలబారుగా ఉంది. చాలాసేపు ఆ బొమ్మ ముందే కూర్చున్నాను. అది నేను "ఇది వేరే" అని గుర్తుపట్టిన క్షణం తాలూకు గీత.

జనవరి 18, ఆదివారం

పండగ హడావిడి అయ్యాక బుర్రలో సందేహం. 1,500 హెర్ట్‌జ్ కీచుగా ఉంటుంది. ఆ కీచుకే అల లేచిందేమో?

పాత్రలు మార్చాను. ఇప్పుడు కీచుది మామూలు, బొంగురుది అరుదు. కొండ బొంగురుదానికి మారిపోయింది. పోయిన వారం ఎంత మోగినా ఏమీ చేయని అదే 1,000 హెర్ట్‌జ్, ఈ వారం అల లేపింది. చెవికి చేరిన శబ్దంలో తేడా లేదు. దానికి ముందు నేను విన్న వాటిలో ఉంది తేడా అంతా.

తర్వాత రెంటినీ సగం సగం చేశాను, కీచుది లెక్కపెడుతూనే. కొండ కుంగి దిబ్బ అయింది. పూర్తిగా చదును కాలేదు. ఆ మిగిలిన దిబ్బ నన్ను వదల్లేదు.

జనవరి 25, ఆదివారం

ఆ దిబ్బలో ఏముందో ఇవాళ తెలిసింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు ఇది.

సగం సగం వరుసలో కూడా యాదృచ్ఛికంగా ఒకే బీప్ నాలుగైదుసార్లు వరుసగా వస్తుంటుంది. నాణెం ఎగరేస్తే బొమ్మ బొమ్మ బొమ్మ బొమ్మ పడ్డట్టు. అప్పుడు రెండోది వస్తే? నాణేనికి గతం గుర్తుండదు. మెదడుకు ఉంటుంది. 1976లో ఇలినాయ్‌లో స్క్వైర్స్, డాన్చిన్ తదితరులు సరిగ్గా ఈ లెక్కే చూశారు. రెండు శబ్దాలకూ సమాన అవకాశం ఉన్నా, అంతకు ముందు వచ్చిన నాలుగైదు శబ్దాల వరుసను బట్టి పీ300 ఎత్తు మారుతుందని చూపించారు.

నాలుగు లేక అంతకెక్కువ ఒకేలా వచ్చి తర్వాత మారే సందర్భాలు పదహారింట ఒకటి. 300 బీప్‌లలో 19 దాకా దొరుకుతాయి. చాలవు. అందుకే ఇవాళ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విడతలు చేశాను. పనికొచ్చేవి 44 మిగిలాయి. అన్ని బీప్‌లనూ కలిపితే దిబ్బ. ఈ 44 మాత్రమే తీస్తే కొండ. ముందు బీప్ లాంటిదే మళ్లీ వచ్చినవి తీస్తే దాదాపు చదును.

నాణెం నిష్పక్షపాతమైనదని నాకు తెలుసు, ప్రోగ్రాం రాసింది నేనే. ఆ తెలిసిన సంగతితో నా మెదడులోని ఈ భాగానికి పని లేదు. అది గత ఐదారు సెకన్లను గుప్పిట్లో పెట్టుకుని, దాన్నిబట్టి తర్వాతిది ఊహిస్తోంది, ఊహ తప్పితే అల లేపుతోంది. తెలివి చెప్పినా వినని జ్ఞాపకం ఇది.

రాత్రి చదువుకున్నది: ఇలా పైనుంచి ఊహ కిందికి దిగుతుందని, కిందనుంచి కేవలం తప్పిన మేరకే కబురు పైకి వెళ్తుందని దృశ్యం విషయంలో గణితంగా రాసినవాళ్లు రాజేశ్ రావు, డానా బల్లార్డ్, 1999లో. రావు బడి చదువు హైదరాబాదులోనే సాగింది. రేపు క్లాసులో ఈ మాట పిల్లలకు చెప్పాలి.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇవాళ్టిది కుదరలేదు. ధ్యాస పెట్టకపోయినా మెదడు తేడా పసిగడుతుందని ఫిన్లాండుకు చెందిన రిస్టో నాటానెన్ 1978లో సహచరులతో కలిసి చూపించారు. వేరే పనిలో ఉన్నా, అరుదైన శబ్దానికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య ఒక చిన్న రుణ అల వస్తుంది. కోమాలో ఉన్నవాళ్లు తేరుకునే అవకాశాన్ని అంచనా వేయడానికి కూడా దీన్ని చూస్తారు. అది రెండు మూడు మైక్రోవోల్టులదే. నా బోర్డు మెట్టే 2. సౌండు ఆపేసి క్రికెట్ చూస్తూ 900 బీప్‌లు విన్నాను. 170 దగ్గర చిన్న గుంట కనబడింది కానీ, ముక్కలను రెండు సగాలు చేసి చూస్తే ఒక సగంలో ఉంది, రెండో దానిలో లేదు. దీన్ని ఫలితం అనను.

కొత్త ఇన్వర్టరు బ్యాటరీ వచ్చింది. దాని మీద నడుస్తుంటే రొద ఇంకా ఎక్కువ. మా ఇన్వర్టరుది చతురస్రపు తరంగం కాబట్టి 50తో పాటు 150, 250 హెర్ట్‌జ్‌లు కూడా చొరబడుతున్నాయి. కొలిచేటప్పుడు మెయిన్ ఆఫ్ చేస్తున్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

ఫ్యాను దగ్గరికి తిరిగి వచ్చాను.

నా ఫలితాలకు ఎదురు చెప్పేవాళ్లు ఒక మాట అనొచ్చు: పదేపదే మోగిన బీప్‌కు స్పందించే నరకణాలు అలిసిపోతాయి, అరుదైనదానివి అలవకుండా ఉంటాయి, అందుకే పెద్ద అల, ఇందులో జ్ఞాపకమూ పోలికా ఏమీ లేవని. న్యాయమైన అభ్యంతరమే. చెవి దారిలోని నరకణాలు నిజంగానే అలా అలవాటు పడతాయి. కానీ రాని శబ్దానికి తాజాగా ఉండే కణాలంటూ లేవు. రావాల్సిన బీప్ రాకపోతే అల వస్తే, అది ఎదురుచూపు వల్లే రావాలి.

600 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున టిక్కులు. పదింట ఒకటి మాయం. మాయమైనవి లెక్కపెట్టాలి. 80 ఖాళీల సగటు తీశాను.

అల ఉంది. శబ్దం లేని చోట ఉంది! పీ300 అంత కొనదేరి లేదు, పక్కలకు పరుచుకుంది, 400 మిల్లీసెకన్లు దాటాక గాని శిఖరం రాలేదు. ఇది సమంజసమే. బీప్ అయితే తన క్షణాన్ని తానే ప్రకటిస్తుంది. రాని బీప్ ఏ క్షణాన రాలేదో చెప్పాల్సింది లోపలి గడియారం, అది ఒక్కోసారి కొంచెం ముందూ వెనకా అవుతుంది.

నిద్రలో ఫ్యాను సంగతి ఇదేనని అనడానికి లేదు, నేను మెలకువగా లెక్కపెడుతూ కొలిచాను. కానీ లేని శబ్దానికి మెదడు స్పందించడం కళ్లారా చూశాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇప్పటిదాకా చూసింది క్షణాల జ్ఞాపకం. ఏళ్ల నాటి జ్ఞాపకం కూడా ఇలాగే కాపలా కాస్తుందా?

1980లో శాన్ డియాగోలో మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ వాక్యం చివర అనుకోని మాట పెట్టారు. వేడి రొట్టె మీద మేజోళ్లు పూశాడు అన్నట్టు. పీ300 వస్తుందని చూస్తే దానికి తలకిందులుగా, 400 మిల్లీసెకన్ల దగ్గర రుణ అల వచ్చింది. ఎన్400 అంటారు దాన్ని.

నాకు అర్థం చెడిన వాక్యం వద్దు, జ్ఞాపకం మాత్రమే అభ్యంతరం చెప్పే వాక్యం కావాలి. సామెతలకు మించినవి ఏమున్నాయి? "దూరపు కొండలు నునుపు" అనే చోట "దూరపు కొండలు పచ్చన". వాక్యంలో తప్పు లేదు, కొండలు పచ్చగానే ఉంటాయి. సామెత తెలిసినవాళ్లకే అది తప్పు. "కోటి విద్యలు కూటి కొరకే" బదులు "పేరు కొరకే". "నిండు కుండ తొణకదు" బదులు "పగలదు". ఇలా 48. ఒక విడతలో సగం అసలువి, సగం మార్చినవి. తర్వాతి విడతలో తారుమారు. చివరి మాటకు ముందు చిన్న విరామం ఇస్తూ అమ్మ గొంతుతో రికార్డు చేశాను. జాబితా నాదే కాబట్టి నేను పనికిరాను. కుర్చీలో అమ్మమ్మను కూర్చోబెట్టాను. 78 ఏళ్లు.

"దూరపు కొండలు... పచ్చన."

"నునుపురా!"

కదలకూడదు, మాట్లాడకూడదు అని రెండుసార్లు చెప్పాను. "సరే నాన్నా" అంటూనే ఉంది. తర్వాతిది తప్పుగా రాగానే మళ్లీ దిద్దింది. దవడ కండరాలు కదిలితే వందల మైక్రోవోల్టులు పడతాయి, మెదడు గీత వాటి కింద మునిగిపోతుంది. మార్చిన 24లో 19 పోయాయి. అసలు సామెతల్లో రెండే పోయాయి.

కొలత పాడైంది. కానీ ఆ 19 దిద్దుబాట్ల జాబితాను పారేయలేదు. విన్న వెంటనే, ఒక్కటీ తడుముకోకుండా దిద్దింది.

ఫిబ్రవరి 14, శనివారం

శివరాత్రికి చెల్లెలు వాళ్లు బెంగళూరు నుంచి వచ్చారు. మేనకోడలు పదో తరగతి. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, సామెతలు మాత్రం పెద్దగా వినలేదు. చెల్లెల్ని అడిగి, పిల్లకు అంతా వివరించి, తనకు ఇష్టమైతేనే అన్నాను. పరీక్షల మధ్య ఒక్క విడతకే ఒప్పుకుంది.

కదలకుండా కూర్చుంది. అసలు, మార్చిన సామెతల గీతలు రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. అయ్యాక అడిగాను, "ఏవైనా తేడాగా అనిపించాయా అమ్మడూ?"

"కుక్క తోకది ఒక్కటి తెలిసింది మావయ్యా. మిగతావన్నీ మామూలుగానే ఉన్నాయి కదా."

24 ముక్కలు చాలా తక్కువ. తేడా లేదని చెప్పడానికి ఇవి చాలవు, ఉంటే కనబడేంత పెద్దగా లేదని మాత్రమే చెప్పొచ్చు.

ఫిబ్రవరి 22, ఆదివారం

అమ్మమ్మతో కొత్త ఒప్పందం. చేతికి ఒక బటన్ ఇచ్చాను. తప్పు వినబడితే నోరు కదపకుండా, సామెత అయిపోయి చిన్న గంట మోగాక నొక్కాలి. నొక్కాక ఎంతసేపైనా మాట్లాడొచ్చు. రెండు విడతలు, మధ్యలో కాఫీ. మార్చినవి 48లో ఈసారి 31 శుభ్రంగా మిగిలాయి.

మార్చిన మాట మొదలైన 400 మిల్లీసెకన్ల నుంచి గీత కిందికి దిగి, 600 దాకా అక్కడే ఉండి లేచింది. అసలు మాటలకు దిగలేదు. ముక్కలను రెండు సగాలు చేసి చూశాను. రెంటిలోనూ ఉంది. వయసుతో ఈ తరంగాలు కొంత ఆలస్యమవుతాయని తెలుసు కాబట్టి ఆ నిదానం వింత కాదు. "పచ్చన"కు "నునుపు"కు శబ్దంలోనే తేడా ఉంది, మాట ఎక్కడ గుర్తుపట్టబడుతుందో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఆ లోటు ఇంకా తీరలేదు.

మెదడు శాస్త్రవేత్త రాబర్ట్ నైట్ 1996లో రాసిన పరిశోధన ఇవాళే చదివాను. మెదడులో హిప్పోక్యాంపస్ అనే ప్రాంతం దెబ్బతిన్నవాళ్లు, లెక్కపెట్టమన్న బీప్‌కు మామూలుగానే అల చూపించారు. ఎన్నడూ వినని వింత శబ్దం హఠాత్తుగా వస్తే మాత్రం వాళ్ల అల తగ్గిపోయింది, చర్మం స్పందనా తగ్గింది. కొత్త జ్ఞాపకాలను దాచే అంగమే కొత్తదనాన్ని పసిగట్టడంలోనూ భాగం పంచుకుంటోంది. పాతది గుర్తులేని చోట కొత్తదానికి కొత్తదనం ఉండదు. చదువుతుంటే మా తాతయ్య చివరి రెండేళ్లు గుర్తొచ్చాయి. గదిలో ఎవరు కొత్తగా వచ్చినా ఆయన తల తిప్పి చూడటం మానేశారు. వినబడక అనుకున్నాం అప్పుడు.

మార్చి 1, ఆదివారం

ఈ వారం కొలతలు లేవు, ప్రోగ్రాం శుభ్రం చేసుకున్నాను. చివరి మాటలను శబ్దంలో దగ్గరగా ఉండేవాటితో మార్చాలి. "నునుపు" బదులు "నలుపు" లాంటివి. అప్పుడు రెండూ ఒకే హల్లుతో మొదలై, ఎక్కడ విడిపోతాయో కూడా లెక్క ఉంటుంది. ఇలాంటివి 48 దొరకడం కష్టంగా ఉంది.

అమ్మమ్మకు చెప్పాను. మధ్యాహ్నం నుంచి పాత క్యాలెండరు కాగితాల వెనక ఆవిడే రాస్తోంది, ఒక వైపు సామెత, పక్కన తప్పు మాట. ఇరవై రెండు అయ్యాయి. తప్పు మాటలు ఆవిడే రాస్తోంది కాబట్టి ఈసారి కుర్చీలో కూర్చోవాల్సింది అమ్మ.